మావారు రికార్డరు ఎంచుకుంటున్నారు

ఆ మధ్య ఒక ఉదయం నా దువ్వెనలో బూడిద రంగు వెంట్రుకలు కనిపించాయి. పొట్టివి, మెత్తటివి. నావి కావు. మా అమ్మాయివి కావు. అత్తగారివి తెల్లగా, పొడుగ్గా ఉంటాయి. మా ఇంట్లో పిల్లి లేదు.

"ఇవి ఎవరివండీ?" అని మావారిని అడిగాను.

ఆయన పేపరు దించకుండానే "మైకువి" అన్నారు.

"మైకుకి జుట్టేమిటి?"

"గాలి తగలకుండా దానికో బొచ్చు టోపీ ఉంటుంది. అది చిక్కుపడితే గాలి చప్పుడు లోపలికి వెళ్ళిపోతుంది. అందుకని దువ్వాను."

"నా దువ్వెనతోనా?"

"నా దువ్వెనకి పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. బొచ్చు ఊడిపోదూ!"

నా దువ్వెన ఏమైనా ఫరవాలేదు, బొచ్చు ఊడకూడదు! ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆ బొచ్చును ఆయన మొహం ముందు పెట్టి నాలుగు మాటలు అనేసి, ఆ పూటంతా ఆయనతో మాట్లాడటం మానేశాను. సాయంత్రం ఆయనే వంటింట్లోకి వచ్చి నాకు థాంక్స్ చెప్పారు. మధ్యాహ్నం చేసిన టెస్టు రికార్డింగు చాలా నిశ్శబ్దంగా వచ్చిందట!

పాఠకులారా, ఇదంతా ఫిర్యాదు అనుకునేరు. కానే కాదు. ప్రతి ఇంట్లోనూ ఒక మగమనిషి కచేరీలు రికార్డు చేసే చిన్న ఆడియో రికార్డరును ఎంచుకుంటూ ఉండాలని నా దృఢాభిప్రాయం. 'కొంటూ' అనలేదు, గమనించండి. 'ఎంచుకుంటూ' అన్నాను. కొనేస్తే ఒక పూటలో అయిపోతుంది. ఎంచుకోవడం అలా కాదు, అదొక జీవన విధానం. మన భాషలో ఎంచడమంటే ఏరుకోవడమూ అవుతుంది, తప్పులు పట్టడమూ అవుతుంది. ఆ రెండు పనులూ ఒకేసారి చేయగలిగినవాడికి ఇక జీవితంలో మరో పని దేనికి?

సంగతి మొదట్నుంచీ చెబుతాను.

మా అత్తగారు గాయని. పెద్ద పేరున్న గాయని కాదు, పేరు కోసం ఎదురుచూసే గాయనీ కాదు. ముందు గదిలో చాప వేసుకుని పిల్లలకు పాఠాలు చెబుతారు. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో లైబ్రరీ పై అంతస్తులోని హాల్లో కచేరీ చేస్తారు. చిన్న హాలు, ఎప్పుడూ నిండుతుంది. ఆవిడ గొంతు గురించి నేను చెబితే కోడలు కాకా పడుతోందంటారు కాబట్టి ఒక్క మాటే చెబుతాను. ఆవిడ పాడుతుంటే నాకు స్టవ్ మీద పాలు గుర్తుండవు. నాకు పాలు గుర్తుండకపోవడమంటే ఏమిటో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

ఇన్నేళ్ళలో ఆ గొంతును ఎవరూ సరిగ్గా రికార్డు చేయలేదు. ఉన్నదల్లా ఎవరి పెళ్ళిలోనో తీసిన వీడియో ఒకటి. అందులో పాట కంటే ప్లేట్ల చప్పుడు ఎక్కువ. "ఇంకో రెండు కుర్చీలు ఇటు వెయ్యవయ్యా" అన్న మాట మాత్రం చాలా స్పష్టంగా వినిపిస్తుంది.

ఆ వీడియో చూసిన రోజున మావారు ఛాతీ విరుచుకుని అన్నారు. "అమ్మా, మంచి రికార్డరు కొంటాను. ఇక నుంచి నీ కచేరీలన్నీ నేనే రికార్డు చేస్తాను."

"చెయ్యి నాయనా" అన్నారు అత్తగారు.

అది పోయిన ఏటి ముందు ఏడు.

ఆ రోజు నుంచీ మా ఇంటికి పట్టిన అదృష్టం అంతా ఇంతా కాదు! ఇతరుల భర్తలు సాయంత్రాలు ఎక్కడ తిరుగుతారో వాళ్ళకే తెలియదు. నా భర్త ఎక్కడుంటారో ఈ వీధి మొత్తానికి తెలుసు. డైనింగ్ టేబుల్ దగ్గర, లాప్‌టాప్ ముందు, ఒకదాన్నొకటి తిట్టుకునే రివ్యూలు వరసగా తెరుచుకుని ఉంటారు. వంకాయ మంచిదా పుచ్చుదా అని చూడకుండా సంచిలో వేసుకొచ్చే మనిషి, మైకు లోపలి పలుచని రేకు మందం గురించి గంటసేపు మాట్లాడటం చూస్తే ఏ ఇల్లాలికి గర్వంగా ఉండదు?

ఇక విజ్ఞానమా! పదహారు బిట్లు, ఇరవైనాలుగు బిట్లు, ముప్పైరెండు బిట్ల ఫ్లోటు అని రికార్డింగులో మూడు రకాలున్నాయని మా ఇంట్లో పనమ్మాయికి కూడా తెలుసు. మూడో రకం గొప్పదనం ఏమిటని అడిగాను ఒకసారి.

"ఎంత అరిచినా పగలదు. ఎంత గుసగుసలాడినా పోదు. రెండూ ఉన్నవి ఉన్నట్టు పట్టుకుంటుంది" అన్నారాయన.

భర్తల్లో కూడా అలాంటి మోడల్ వస్తే ఎంత బాగుండును అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

షాపతను పాపం మంచివాడు. తీసుకెళ్ళి చూసి, నచ్చకపోతే తిరిగి ఇమ్మన్నాడు. ఆ మాట ఎంత ప్రమాదకరమో అతనికి తెలియదు. వారానికో రికార్డరు మా ఇంటికి అతిథిలా వచ్చేది. వచ్చిన ప్రతిదానికీ పరీక్షలే. ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకేవారు. ఫ్రిజ్ మూలుగు లేకపోతే గానీ రికార్డరు లోపలి సొంత మూలుగు ఎంతో తెలియదట. లోపల పెట్టినవి పాడైపోయేవి. అయితేనేం? మా ఫ్రిజ్ ఏ శ్రుతిలో మూలుగుతుందో మాకు తెలుసు. మీ ఫ్రిజ్ సంగతి మీకు తెలుసా?

తరవాత ప్రతి గదిలోనూ నిలబడి చప్పట్లు కొట్టేవారు, గోడల నుంచి ప్రతిధ్వని ఎంత వస్తుందో చూడటానికి. బాత్‌రూములో ఎక్కువ వస్తుంది కాబట్టి అక్కడ ఎక్కువసేపు కొట్టేవారు. పక్కింటావిడ ఒకరోజు గోడ మీదుగా "మీ ఇంట్లో ఎప్పుడూ చప్పట్లేనండీ! ఎంత అన్యోన్యంగా ఉంటారో!" అంది. నేను కాదనలేదు. కాపురం గురించి మంచి మాట ఊరికే వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

అత్తగారు కూడా పరీక్షలకు తన వంతు సాయం చేసేవారు. ఒకరోజు ఆవిడ పిల్లలకు పాఠం చెబుతుంటే మావారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు. మధ్యలో చెయ్యెత్తి "అమ్మా! క్లిప్పవుతోంది!" అని అరిచారు.

అత్తగారు పాట ఆపి, తల వెనక తడుముకుని "నేను క్లిప్పులు మానేసి చాలా రోజులైందిరా. ఊరికే ముడి పెట్టుకుంటున్నాను" అన్నారు.

"ఆ క్లిప్పు కాదమ్మా! గొంతు క్లిప్పవుతోంది!"

"గొంతుకి క్లిప్పులేమిటి? ఏమ్మా, వీడికి జ్వరమేమన్నా ఉందేమో చూడు" అన్నారు నాతో.

శబ్దం మరీ పెద్దదైతే రికార్డరులో దాని కొసలు తెగిపోతాయట. దాన్ని క్లిప్పవడం అంటారట. నాకూ ఆ తరవాతే తెలిసింది. నా గొంతు మాత్రం ఎప్పుడూ క్లిప్పయ్యేదని ఆయన ఎన్నోసార్లు రుజువులతో సహా చూపించారు. కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయినందుకు నేను ఆయన్ని కేకలేసిన ఉదయాన టేబుల్ మీద రికార్డరు ఆన్‌లో ఉంది. సాయంత్రం దాన్ని శ్రద్ధగా విన్నారు, రెండుసార్లు.

"నీ 'స', 'ష'లు కాస్త ఈల వేస్తున్నాయోయ్" అన్నారు.

"నేనన్న మాటల సంగతేమిటి?"

"మాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. పక్కా స్టీరియో!"

ఎంతమంది భార్యల తిట్లను వాళ్ళ భర్తలు రెండోసారి వింటారు? చెప్పండి! బిల్లు మాత్రం మర్నాడు నేనే కట్టాను.

ఇక స్నేహాలు. ప్రపంచంలో నలుమూలలా రికార్డరు ఎంచుకుంటున్న మగవాళ్ళంతా ఇంటర్‌నెట్‌లో ఒక గుంపుగా ఉన్నారు. మావారు వాళ్ళని "మావాళ్ళు" అంటారు. నా పుట్టింటివాళ్ళని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా అనలేదు. "ఏది కొనమంటారు?" అని ఒకసారి అక్కడ అడిగారు. ఎంతమంది జవాబిచ్చారో అన్ని పేర్లు చెప్పారు. ఒకాయన చెప్పింది ఇంకొకాయన చెత్త అన్నాడు. వాళ్ళలో పెద్దాయన ఒకరు ఉన్నారు, మా అమ్మాయి ఆయనకు 'బ్యాటరీ తాత' అని పేరు పెట్టింది. ఏ బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో తేల్చే పనిలో పడి, ఆయన కొన్నేళ్ళుగా ఒక్క కచేరీకి కూడా వెళ్ళలేదట. అది సన్యాసం కాక మరేమిటి?

మా మరిదికి ఇదేమీ అర్థం కాదు. పైవాటాలో ఉంటాడు. భోజనాలకు కిందికి వస్తాడు. ఒకరోజు "ఫోన్లో చేసెయ్యొచ్చుగా అన్నయ్యా" అన్నాడు.

మావారు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశారు. "ఫోన్లోనా? అమ్మ గొంతుని ఫోన్లోనా? పాలవాడి నంబరూ అమ్మ గొంతూ ఒకేచోటా?"

"మొత్తానికి ఏదో ఒకచోట ఉంటుందిగా!"

"నీకు చెప్పినా అర్థం కాదురా. నీది ఎప్పుడూ సగం వదిలేసి సగం దాచే ఎంపీత్రీ బుర్రే."

మా మరిది రెండు రోజులు అలిగి హోటల్లో తిన్నాడు. ఎంపీత్రీ అంటే తిట్టని అతనికి అంతకుముందు తెలియదు.

ఈలోగా అత్తగారు కచేరీలు చేస్తూనే ఉన్నారు. మొదటి కచేరీకి రికార్డరు కొనేవారే. కానీ అదే మోడల్లో కొత్తది వస్తోందని ఆ వారమే తెలిసింది. పాతది కొంటే మనసొప్పదు కదా! రెండో కచేరీకి కొత్తది వచ్చింది. దాని బ్యాటరీ గురించి బ్యాటరీ తాత పెదవి విరిచారు. మూడో కచేరీ నాటికి రెండు మోడళ్ళు మాత్రమే మిగిలాయి. రెంటిలో ఏదో తేలక, ఆయన హాల్లో చేతులు కట్టుకుని కూర్చుని, ఒక్కో పాటకీ ఏ మోడలైతే బాగుండేదో ఊహించుకుంటూ గడిపారు. మూడు కచేరీలూ గాలిలో కలిసిపోయాయి. ఆ గాలికి మాత్రం బొచ్చు టోపీ సిద్ధంగా ఉంది. రికార్డరు కంటే ముందు దాన్ని కొన్నారు.

"నాన్న నిన్ను చేసుకోడానికి ఎన్నేళ్ళు ఆలోచించారమ్మా?" అని మా అమ్మాయి ఒకరోజు అడిగింది.

"పావుగంట" అన్నాను.

"రివ్యూలు చూడలేదా?"

"ఒకే ఒక్క మోడల్ ఉందే ఆ రోజు."

అంతా ఇలా హాయిగా సాగిపోతుండగా అత్తగారి గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, దుమ్మన్నారు. నెల గడిచినా తగ్గలేదు. నేనూ ఆవిడా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గొంతులోకి సన్నటి కెమెరా దింపి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని "ఇక పాడటం ఆపేయాలమ్మా. ఆపకపోతే మాట కూడా పోతుంది" అన్నారు.

అత్తగారు ఆయనతో బేరం మొదలుపెట్టారు. కూరగాయల దగ్గర కూడా ఆవిడ అంత గట్టిగా బేరమాడగా నేను చూడలేదు. పాఠాలు మానేస్తానన్నారు. ఇంట్లో కూనిరాగం కూడా తీయనన్నారు. ఫోన్లో మాట్లాడనన్నారు. అన్నీ మానేసి కచేరీదాకా గొంతు దాచుకుంటానన్నారు. చివరికి ఒక్క కచేరీ దగ్గర తెగింది. ఒక్కటి. ఆ తరవాత జీవితంలో పాట లేదు.

ఇంటికి వచ్చి చెప్పాం. మావారు లాప్‌టాప్ మూసేశారు. తరవాత "ఇది మాత్రం వదలను అమ్మా. ఇది మాత్రం రికార్డు చేసి తీరతాను" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నిజం. నేను ఎగతాళి చేయడం లేదు.

ఆ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ లాప్‌టాప్ తెరిచారు.

ఇప్పుడు బాధ్యత పెరిగింది కదా! మామూలు కచేరీకైతే మంచి రికార్డరు చాలు. ఆఖరి కచేరీకి అన్నిటికంటే మంచిది కావాలి. చూసినవన్నీ మళ్ళీ చూశారు. తిరిగిచ్చినవన్నీ మళ్ళీ తెచ్చారు. ఆయన గుమ్మంలో కనబడితే చాలు, షాపతను టీ చెప్పడం మానేసి "సార్, ఏదో ఒకటి తీసుకెళ్ళండి. దయచేసి మళ్ళీ తేకండి" అని చేతులు జోడించే స్థితికి వచ్చాడు. మిగిలిన రెండు మోడళ్ళలో ఏది కొన్నారని అడుగుతారా? రెండూ కొనలేదు. ఆ వారమే బజారులోకి వచ్చిన మూడోది కొన్నారు! ఆయన 'మావాళ్ళు' అంతా దాన్ని ఆకాశానికెత్తారట. అది కచేరీ ముందు రోజు సాయంత్రం ఇంటికి చేరింది.

డబ్బాలో చిన్న పుస్తకం ఉంది, ఎలా వాడాలో చెప్పేది. నాకు మందుబిళ్ళల అట్ట వెనక రాసింది కూడా చదివే అలవాటుంది. "ఇది చదవరా?" అన్నాను.

"ఇలాంటివి ఎన్ని చదివానో నీకు తెలుసా? అన్నీ ఒకటే" అన్నారు. పుస్తకం డబ్బాలో పెట్టారు. డబ్బా వారంటీ కోసం అటక మీదికి ఎక్కింది.

ఆదివారం ఉదయం కచేరీ. మేం అందరికంటే ముందు హాలుకి వెళ్ళాం. మావారు నేల మీద టేపుతో గుర్తు పెట్టి, సరిగ్గా మధ్యలో, మొదటి వరసకు ముందు, మనిషెత్తు స్టాండు నిలబెట్టి, దాని మీద రికార్డరు బిగించారు. దాని వెనక కూర్చున్నవాళ్ళకి అత్తగారు కనబడరు. "వినడానికి వచ్చారు గానీ చూడటానికా?" అన్నారు. ఫ్యాన్లు ఆపించారు. తలుపుల మీద 'దయచేసి దగ్గవద్దు' అని కాగితాలు అంటించారు. సెల్‌ఫోన్లుంటే రికార్డరులో గరగరమని శబ్దం వస్తుందని, గుమ్మం దగ్గర మా అమ్మాయిని సంచితో నిలబెట్టి వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ అందులో వేయించారు. వయొలిన్ ఆవిడ గాజులు తీయించారు. మృదంగం ఆయనతో "మీరు కాస్త మెల్లగా వాయిస్తే బాగుంటుందండీ" అన్నారు.

"మెల్లగా వాయించడానికి నేనెందుకండీ? మీరే టేబుల్ మీద వేసుకోండి" అన్నాడాయన.

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు దగ్గు బిళ్ళ కాగితం విప్పబోతుంటే మావారు పరుగున వెళ్ళి దాన్ని లాక్కున్నారు. ఆయన తన ఉద్యోగకాలంలో ఎంతమంది పిల్లల దగ్గర ఎన్ని లాక్కున్నారో గానీ, ఆ బిళ్ళ పోయినప్పుడు ఆయన మొహం చూడాల్సింది!

అంతకు ముందు, జనం ఇంకా రాకముందు, ఒక పని జరిగింది. మావారు హెడ్‌ఫోన్లు తగిలించుకుని "అమ్మా, లెవెల్ పెట్టుకోవాలి. అన్నిటికంటే పైకి వెళ్ళేది ఏదుందో అది ఒక్కసారి పాడు" అన్నారు.

అత్తగారు చివరి పాటలో పై స్థాయికి వెళ్ళే చరణం పాడారు. నెలల తరబడి దాచుకున్న గొంతు అది. ఖాళీ హాల్లో ఆ స్వరం నిటారుగా పైకి లేచి, అక్కడే కాసేపు నిలబడింది. వెనక ఊడుస్తున్న ఆవిడ చీపురు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను కుర్చీ సర్దబోయి మరిచిపోయాను.

"ఇంకోసారి అమ్మా. స్టాండు కొంచెం జరిపాను."

పాడారు.

"ఇంకొక్కసారి. హెడ్‌ఫోను ప్లగ్గు సగమే లోపలికి వెళ్ళింది."

పాడారు.

"పర్ఫెక్ట్! ఎక్కడా క్లిప్పవలేదు. లెవెల్ మైనస్ పన్నెండు దగ్గరే ఆగింది!"

అత్తగారు ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని, నెమ్మదిగా తాగారు.

కచేరీ మొదలైంది. మావారు స్టాండు పక్కన నిలబడి, రెండున్నర గంటలు ఆ పెట్టె మీది బుల్లి తెరనే చూశారు. అందులో ఆకుపచ్చ గీతలు ఎగురుతున్నాయి. పైన ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. నాకు నా కుర్చీలోంచి కనిపించింది. ఎంత శ్రద్ధగా పనిచేస్తోందో పాపం అనుకున్నాను.

చివరి పాట అయింది. చివరి స్వరం పూర్తిగా అణిగేదాకా చప్పట్లు కొట్టవద్దని మావారు అందరికీ ముందే చెప్పి ఉన్నారు. కాబట్టి ఎవరూ కొట్టలేదు. అత్తగారు తన జీవితంలో ఆఖరి పాట పాడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని జనం మొహాల్లోకి చూశారు. జనం మావారి మొహంలోకి చూశారు. మావారు ఒక చెయ్యి పైకెత్తి, తెరలోకి చూస్తున్నారు. చెయ్యి దించేసరికి సగంమంది చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. మిగిలిన సగం కొట్టారు చప్పట్లు.

ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాం. అత్తగారు, మావారు, మరిది, అమ్మాయి, నేను. ఉన్న గొంతంతా కచేరీకే ఖర్చయిపోయి, అత్తగారు అప్పటికే గుసగుసలోకి దిగిపోయారు.

"అన్నం చల్లారిపోతుంది, తరవాత చూడండి" అన్నాను.

"మొదటి పాట ఒక్కటి. ఒక్క నిమిషం" అంటూ మావారు పెట్టె టేబుల్ మీద పెట్టి, మీటలు నొక్కారు. మళ్ళీ నొక్కారు. కార్డు తీసి, ఊది, మళ్ళీ పెట్టారు. ఆయన చెవుల చివరలు ఎర్రబడటం నేను ముందు చూశాను.

"ఏదీ, ఇలా ఇవ్వండి నాన్నా." అమ్మాయి పెట్టె తీసుకుని, ఎడమచేత్తో ఫోన్లో ఏదో వెతికి చదివింది. "నాన్నా, దీన్ని రెండుసార్లు నొక్కాలట."

"ఏమిటి రెండుసార్లు?"

"రికార్డు మీట. ఒకసారి నొక్కితే ఊరికే రెడీగా ఉంటుందట. దీపం మిణుకుమంటుంది. రెండోసారి నొక్కితే దీపం నిలకడగా వెలుగుతుందట. అప్పుడు గానీ రికార్డు కాదట."

"గీతలు ఎగిరాయిగా!"

"రెడీగా ఉన్నప్పుడు కూడా ఎగురుతాయట."

 ఆ పెట్టె రెండున్నర గంటలూ రెడీగా ఉంది! ఏడాదిన్నర పాటు ఎంచుకుంటూ కూర్చున్న మనిషికి, రెండున్నర గంటలు సిద్ధమవుతూ కూర్చున్న పెట్టె! ఈడూజోడూ ఇంతగా కుదరడం ఏ పెళ్ళిళ్ళ పేరయ్య వల్లా కాదు. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ మోడల్‌ను మావారు కాదు, అదే మావారిని ఎంచుకుంది.

మా మరిది నోరు తెరిచాడు. నేను అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసి అతని కళ్ళలోకి చూశాను. నోరు మూసుకున్నాడు. మంచివాడు.

"పోతే పోయిందిలే." అత్తగారి గుసగుస వినడానికి అందరం ముందుకు వంగాం. "నువ్వు విన్నావుగా. ఎలా పాడాను?"

మావారు తలెత్తారు.

"ఎలా పాడానురా?"

"బాగా... చాలా బాగా వచ్చిందమ్మా. మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా దాటలేదు. మైనస్ పన్నెండు దగ్గరే..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆయనకే వినిపించినట్టుంది.

అత్తగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

నాకు మెచ్చుకోవడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే వచ్చు. "చివరి పాటలో మీరు పైకి వెళ్ళలేదు అత్తయ్యా. ఆ చోటికి వచ్చి ఆగారు. వయొలిన్ ఆవిడ మీ మొహం చూసి, ఆవిడే వెళ్ళింది."

"గమనించావా!" ఆవిడ మొహం వెలిగింది. "అతుకు తెలిసిందా?"

"నాకు తెలిసింది. ఇంకెవరికీ తెలియలేదు."

"ఎందుకు వెళ్ళలేదమ్మా? పొద్దున్న అంత బాగా వెళ్ళావుగా!" అన్నారు మావారు.

"అదేరా. పొద్దున్న మూడుసార్లు వెళ్ళొచ్చానుగా. ఉన్నది అంతే."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. ఉప్పు డబ్బాలో ఉప్పయిపోయిందని చెప్పినట్టు చెప్పారు.

పాఠకులారా, రికార్డరు ఎంచుకునే మగవాడు ఇంటికి వరమని ఇంతసేపు వాదించాను. ఆ వాదనలో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. నా మనవి ఒకటే. తరవాత విందామని సమస్తం దాచిపెట్టుకునే ఈ మహానుభావుల్లో, అప్పుడప్పుడు, ఆ మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కూడా కాస్త వినే మోడల్ ఏదైనా బజారులో ఉంటే దయచేసి తెలియజేయగలరు. మా అత్తగారి గొంతు ఆఖరుసారి పైకి వెళ్ళడం నేనూ, ఊడ్చే ఆవిడా విన్నాం. మా ఇద్దరి దగ్గరా బ్యాటరీ లేదు.

మావారు కంచం ముందు తల వంచుకుని ఉన్నారు. అన్నం కలపలేదు. పెద్దమనిషి అలా కూర్చుంటే చూడటానికి బాగుండదు. ఏదైనా అందామని నేను మాటలు వెతుక్కుంటుంటే, అత్తగారు గ్లాసుతో టేబుల్ మీద కొట్టారు. గొంతు లేదు కదా, ఇక అందరి చూపూ తన వైపు తిప్పుకోవడానికి ఆవిడకి అదే దారి.

"రేపు పొద్దున్నే ముందు గదిలో పాఠం ఉంది."

"పాఠాలేమిటి నానమ్మా! డాక్టరు వద్దన్నాడుగా!" అంది అమ్మాయి.

"పాడొద్దన్నాడు. వినొద్దనలేదు. నేను చెయ్యి ఊపుతూ కూర్చుంటాను. తప్పొస్తే కొడతాను. అక్షరం అక్షరం గొంతులోకి దిగేదాకా కొడతాను. చివరి పాటతోనే మొదలు."

"ఎవరికి పాఠం?" అన్నాను.

ఆవిడ గడ్డంతో కొడుకును చూపించారు.

మావారు ఉలిక్కిపడ్డారు. "నాకా? నాకు గొంతు లేదమ్మా!"

"నాకూ లేదుగా" అన్నారు అత్తగారు. "సరిపోయింది. అన్నం తిను."